డోల్మక్క ముఖం

దీపావళి వెళ్ళాక చంద్రపూర్‌లో రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. మొన్న సాయంత్రం ఆటో దిగి వాటి ముందు నుంచి నడుస్తుంటే కొత్త ఉన్ని వాసన, అందులో కలిసిన కలరా ఉండల ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. కాళ్ళు ఆగిపోయాయి. ఒకప్పుడు మా ఇంటి ముందరి గది అంతా అదే వాసన. మా పెద్దవాడు పుట్టిన ఏడాది నుంచి కొన్ని చలికాలాలు ఆ గదిలో డోల్మక్క ఉండేది.

మాది చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనుల దగ్గరి బస్తీ. మా మామయ్య కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన కొలువు కూడా గనిలోనే. బజారులోకి కొత్త కొత్త సరుకులు, ఇళ్ళలోకి కేబుల్ టీవీ వస్తున్న రోజులవి. డోల్మక్క టిబెట్ మనిషి. చిన్నప్పుడే పెద్దవాళ్ళ వెంట కొండలు దాటి వచ్చి, భండారా వైపు వాళ్ళవాళ్ళ శిబిరంలో పెరిగింది. చలికాలం రాగానే లుధియానా స్వెటర్లు మూటలు కట్టుకుని తనవాళ్ళతో కలిసి మా ఊరు వచ్చేది. మిగతావాళ్ళు ఊళ్ళో దిగేవారు. ఈమె మాత్రం మా ముందరి గది అద్దెకు తీసుకునేది. యాభై దాటిన మనిషి, పిల్లలు లేరు, భర్త పోయాడు. కోలముఖం, ఎండకు కమిలిన చెంపలు, ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చిన్న గీత. బస్తీలో పేరు తెలిసినవాళ్ళకు కూడా ఆమె ‘స్వెటరామె’. పిల్లలైతే ‘చీనామె’ అని వెంటపడేవారు.

మొదటి చలికాలమే నాకు కామెర్లు వచ్చాయి. చంటివాణ్ణి ఎత్తుకునే ఓపిక కూడా లేదు. డోల్మక్క వాణ్ణి శాలువాతో వీపుకు కట్టుకుని దుకాణానికి తీసుకుపోయేది. నేను కోలుకున్నాక ఒకరోజు వాణ్ణి తీసుకుని అక్కడికి వెళ్ళాను. టిబెట్ ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. అందరివీ ఒకే తీరు జడలు, నడుముకు ముందు కట్టుకున్న ఒకే తీరు చారల గుడ్డలు. వాణ్ణి చాప మీద దించానో లేదో, అందరినీ దాటి పాకుకుంటూ వెళ్ళి డోల్మక్క ఒళ్ళో పడ్డాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాడి తల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

సాయంత్రాలు దుకాణం కట్టేసి వచ్చి మా అత్తమ్మ పక్కన కూర్చుని టీవీ చూసేది. ఒకసారి ఏదో ఇంగ్లీషు సినిమా వస్తుంటే మా అత్తమ్మకు చికాకు పుట్టింది.

“గీ తెల్లోల్లందరు ఒక్కతీర్గనే ఉన్నరేందే! సచ్చినోడెవడు, సంపినోడెవడు?”

డోల్మక్క పొట్ట పట్టుకుని నవ్వింది. హిందీలో మా తెలుగు కలిపి మాట్లాడేది. “మొదటిసారి వచ్చినప్పుడు నాకు మీరందరు గట్లనే ఉంటిరమ్మా. పెద్ద కండ్లు, పెద్ద ముక్కు, బొట్టు. నీ కోడల్ని చీర రంగుతోని యాద్ పెట్టుకుంటి. తెల్లారి వేరే చీర కట్టిందంటే ఖతం, ఎవరో కొత్తామె!”

“మరిప్పుడెట్ల గుర్తుపడ్తున్నవ్?” అంది అత్తమ్మ.

“మీతోని కూసున్న, తిన్న. కోపమొస్తే ఎవరి ముఖం ఎట్లయితదో చూసిన. గప్పుడు ఎవరి ముఖం వాళ్ళదయింది.”

ఆ మాటలోని బరువు నాకు తర్వాతి ఏడాది తెలిసింది. నేను దుకాణంలో ఉండగా మా వీధి చివరి ఇంటావిడ కుట్లూడిన స్వెటర్ ఒకటి తెచ్చి డోల్మక్క ఒళ్ళోకి విసిరింది. “నువ్వే అంటగట్టినవ్! మార్చియ్యమంటే పొమ్మన్నవ్!” అని నలుగురూ చూస్తుండగా కేకలేసింది. అలాంటి స్వెటర్లు డోల్మక్క తెప్పించనే లేదు. “నేను గాదమ్మా” అని ఒక్కసారి అంది. ఆవిడ గొంతు ఇంకా పెరిగింది. డోల్మక్క వేరే స్వెటర్ తీసి చేతికిచ్చి పంపేసింది.

ఇంటికి వస్తూ దారిలో నేను ఊరుకోలేకపోయాను. “నువ్వమ్మింది గాదు గదక్కా, ఎందుకిచ్చినవ్?”

“ఆమె అబద్ధం చెప్తలేదు. ఆమెకు నిజంగ నేనే అనిపించింది. కొత్త జాతి మనిషి కనబడితే, వీళ్ళు ఫలానా వాళ్ళు అనుకుంటం. కండ్లు అక్కడ్నే ఆగిపోతయ్. ముఖం దాక పోవు. నేను గూడ గట్లనే చేసిన గద.”

ఆ కుట్లూడిన స్వెటర్‌ను చంకలోకి సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: “కాని, గంత కోపం చేసినప్పుడన్న నా ముఖం చూస్తదనుకున్న.”

ఆ తర్వాత రెండేళ్ళకు, దీపావళి దాటి చాలా రోజులైనా ఆమె రాలేదు. ఒకరోజు పొద్దున్నే పక్కింటామె గేటు దగ్గర నుంచి “మీ స్వెటరామె వచ్చింది!” అని కేకేసింది. అప్పటికి నాలుగేళ్ళవాడైన మావాడు ఉరికాడు. అంతే వేగంగా తిరిగి వచ్చి నా కొంగు పట్టుకున్నాడు.

“అమ్మా, గామె డోల్మవ్వ గాదు.”

బయటికి వెళ్ళాను. గుండ్రటి ముఖం, నలభై ఏళ్ళుంటాయేమో, కాళ్ళ దగ్గర మూట. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పలకరిస్తున్నారు. “ఈసారి లేటైందేంది డోల్మా, బాగున్నవా?” ఆమె తలూపుతోంది. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగింది. తన పేరు పేమా అని, డోల్మా చెల్లెలినని హిందీలో చెప్పింది. వానాకాలంలో డోల్మక్క ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిందట. “నువ్వు అక్కడికి పోతే ఆ పిల్లగాణ్ణి చూసి రా” అని చివర్లో చెప్పిందట.

ఆమె కాళ్ళ దగ్గరి మూట అందుకున్నాను. ఇందాక పలకరించినవాళ్ళకెందుకు చెప్పలేదని అడిగాను.

“బస్సు దిగినప్పటి నుంచి అందరూ డోల్మా డోల్మా అనే పిలుస్తున్నారు. మొదట చెప్పాను. చెప్పినప్పుడల్లా ఏడుపొస్తోంది. ఇంక చెప్పలేక తలూపుతున్నాను” అంది.

ఇన్ని చలికాలాలు మా మధ్య తిరిగిన మనిషి పోయింది. ఆ సంగతి మా వీధికి తెలియనైనా లేదు. ఆమెను ఇప్పుడే, బతికుండగా, చూశామనుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకెవరితో కలిసి ఏడవాలి?

మా అత్తమ్మ ఎప్పుడు వచ్చిందో, వెనక నిలబడి అంతా విన్నది. ముందుకు వచ్చి పేమా గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

“నీ పేరేంది బిడ్డా?”

“పేమా.”

“పేమా, పేమా” అని నోట్లో అనుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, సొంత మనిషి చావు కబురు విన్నప్పుడు పోసుకున్నట్టు, నెత్తి మీద నుంచి నీళ్ళు కుమ్మరించుకుంది. తడిచీరతోనే గడపలో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పింది. “మా డోల్మ సచ్చిపోయింది.” పక్కింటామె తెల్లబోయి, “ఇందాకనే చూస్తిమి గద!” అంటే, “గామె పేమా. సక్కగ సూడు” అంది.

పేమా మరో రెండు చలికాలాలు వచ్చి మానేసింది. తర్వాత నేను అంగన్‌వాడీలో చేరాను. ఇటు గనులకూ, అటు గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకూ ఎక్కడెక్కడి నుంచో పనివాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళ పిల్లలు మా దగ్గరికి వస్తారు. ఈ పిల్లలంతా ఒక్కలాగే ఉన్నారు, ఎట్లా గుర్తుపెట్టుకుంటావని నాతో పనిచేసేవాళ్ళు అడుగుతారు. నాకూ మొదటి రోజుల్లో అందరూ ఒక్కలాగే కనిపిస్తారు. అందుకే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు తింటుంటే చూస్తాను. పేరు తప్పు పిలిస్తే మళ్ళీ అడుగుతాను. వాళ్ళలో ఒక్కరు రాని రోజున, ఎవరు రాలేదో నాకు తెలియాలి.