పైకి చదివిన కాగితం

మా సోషలు మాస్టారు పోయారని మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో తెలిసింది. మా నాన్నగారు రాజోలు దగ్గర మా ఊరి చర్చికి పాస్టరు. వాక్యం చెప్పడం ఆపేసి బల్ల పట్టుకుని నిలబడిపోయారు. నాకు ముందు ఏడుపు రాలేదు, పాత భయం వచ్చింది.

తొంభైల్లో మాస్టారు మాకు హైస్కూల్లో చెప్పారు. పుస్తకంలో మంగోలియా మీద రెండు లైన్లే ఉండేవి. ఆయన వారం రోజులు చెప్పేవారు. చైనా చక్రవర్తుల చేతికింద ఉన్న ఆ దేశపు దొరలకి ఒకరంటే ఒకరికి పడేది కాదట. అందరూ తల వంచేది ఒక్క బౌద్ధ లామాకే. స్వతంత్రం ప్రకటించుకున్నప్పుడు ఆయన్నే రాజుని చేసుకున్నారు. "ఆయన లేకపోతే ఆ దేశం లేదర్రా" అని పొంగిపోయేవారు. తర్వాత గొంతు తగ్గేది. చైనా సైన్యం వచ్చింది, రష్యా సేనలు వచ్చాయి, వచ్చిన ప్రతివాళ్ళకీ తమ కాగితాల మీద ఆ లామా పేరు కావలసివచ్చింది. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. చివరికి అధికారం లాక్కుని కుర్చీ మాత్రం ఉంచారు. పోయిన లామా మళ్ళీ పుడతారని వాళ్ళ నమ్మకం; ఆయన పోయాక, మళ్ళీ ఎక్కడ పుట్టారో వెతకనివ్వలేదు కూడా. "ఆ కాగితాలు ఎవరు చదివి వినిపించారో, చదవకుండా ఎంత మింగేశారో" అని మాస్టారు సొంత బంధువు గురించి అన్నట్టు బెంగపడేవారు. మేం వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళం.

తర్వాత మా ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుని కొట్టుకుని, నాన్నగారిని ఏకగ్రీవంగా సర్పంచిని చేశాయి. అందరూ దండలు తెచ్చారు. మాస్టారు ఉత్త చేతులతో వచ్చారు.

"కుర్చీ ఎక్కించినవాళ్ళే కాగితం తెస్తారండి పాస్టరుగారూ. పైకి చదివించుకోకుండా సంతకం పెట్టకండి."

ఆ చదివే పని కూడా ఆయనే నెత్తిన వేసుకున్నారు.

రెండేళ్ళకి ఆ కాగితం వచ్చింది. రెండు వర్గాల పెద్దలూ కలిసే తెచ్చారు. కాలవగట్టు బాగుచేతకి తీర్మానం అన్నారు. మా అరుగు మీద వాళ్ళ ఎదురుగానే మాస్టారు చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో, మా శ్మశానం స్థలాన్ని రొయ్యల చెరువుకి లీజుకివ్వాలని ఉంది. మా నాయనమ్మని పెట్టింది అక్కడే. మాస్టారు తలెత్తి పెద్దల వైపు చూశారు. ఆ వాక్యం రెండోసారి చదివారు. నాన్నగారు పెన్నుకి మూత పెట్టేశారు.

ఆ తర్వాత హడలి చచ్చాం. మాస్టారి సైకిలు ఎవరో విరగ్గొట్టి కాలవలో పారేశారు. ఆయన ఇంటి పెంకుల మీదా మా పెంకుల మీదా రాళ్ళు పడ్డాయి. మీరు నమ్మరు గానీ, ఇప్పటికీ కొబ్బరి మట్ట రాలితే ఉలిక్కిపడతాను. మాస్టారు మాత్రం మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ, నడిచి వచ్చేవారు. ఇక రావద్దని అమ్మ బతిమాలింది.

"భయమేస్తుందమ్మా, ఎందుకెయ్యదూ. కళ్ళు కనబడుతున్నాయి కదా, చదవాలి మరి" అన్నారు.

శ్మశానం అక్కడే ఉంది.

నిన్న మాస్టారి అబ్బాయి మరణ ధ్రువపత్రం దరఖాస్తు తెచ్చి సాక్షి సంతకం అడిగారు. నాన్నగారికి ఇప్పుడు చూపు ఆనడం లేదు. కాగితం నాకిచ్చి పైకి చదవమన్నారు. అన్నీ తెలిసినవే కదా అన్నాను. చదవమనే అన్నారు. మాస్టారి పేరు దగ్గర ఆగిపోయాను.

"ఇంకోసారి చదువమ్మా" అన్నారు నాన్నగారు.

చదివాను. అప్పుడు పెన్ను మూత తీశారు.