మధ్యాహ్నం పోయి చూసిన మడుగు

ఆరేళ్ల కిందటి వేసవిలో హగరి ఏటి మడుగులో చేపలు చచ్చి తేలాయి. దాని మీద నేను రాసిన రిపోర్టు, ఏ తప్పూ చేయని ఒక మనిషిని దోషిగా నిలబెట్టింది.

అప్పుడు నేను బళ్లారిలో నీటి పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్ని. రూపనగుడి అవతల, వరిమళ్ల మురుగు కాలువ ఏటిలో కలిసేచోట ఉంది ఆ మడుగు. ఎండాకాలంలో ఏరంతా ఇసుకే. నీళ్లు మిగిలేది అక్కడే. వల వేసి బతికే ఎర్రిస్వామికి అదే ఆధారం. అతడే మందు కలిపి చేపల్ని చంపాడని ఊళ్లో పుకారు లేచింది. పంచాయితీ అతణ్ని వల వేయొద్దని ఆపి, నీళ్లు పరీక్ష చేయమని మాకు రాసింది.

నేను తీరిగ్గా టిఫిను ముగించి, జీపు దొరికాక, మధ్యాహ్నానికి చేరాను. నీళ్లు పచ్చగా పాచి పట్టి ఉన్నాయి. డీవో చూశాను. డీవో అంటే డిసాల్వ్‌డ్ ఆక్సిజన్, నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు. చేపలు పీల్చేది దాన్నే. మీటరు నిండుగా చూపించింది. 'ఆక్సిజన్ కొరత లేదు, విషం కలిపి ఉండవచ్చు' అని రాసేశాను. విషం కోసం పరీక్ష మాత్రం చేయించలేదు.

పదిహేను రోజులకు ఎర్రిస్వామి, అతడి భార్య తిప్పమ్మ ల్యాబుకు వచ్చారు.

"సారూ, నేను మందు పోసింటే కొర్రమట్టలు ఎట్ల బతికినాయి? అవి ఇంకా మడుగులో ఎగురుతాండాయి" అన్నాడతను.

కొర్రమట్ట చేప నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. విషమైతే దాన్నీ చంపేది. నీటిలో ఊపిరి అందకపోతేనే అది మిగిలి, తక్కినవి చస్తాయి.

"ఏ యాళకు చచ్చినాయప్పా?" అని అడిగాను.

"తెల్లారేటప్పుడు. నోళ్లు పైకి పెట్టి గుటకలేస్తాండె."

తిప్పమ్మ నవ్వింది. "మా ఏరు మీ ఆఫీసు టైముకు చస్తాదేంది సామీ?"

మర్నాడు తెల్లవారక ముందే ముగ్గురం మడుగు దగ్గరున్నాం. మీటరులో అంకె దాదాపు సున్నాకు పడిపోయింది. పాచి ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తిరిగి పీల్చేస్తుంది. ఆ పాచిని పెంచింది మళ్లలోంచి వచ్చే యూరియా నీళ్లు. ఆ మళ్లలో మా అన్నదమ్ములవీ ఉన్నాయి.

ఎర్రిస్వామి మీటరు వైపు వంగి చూసి, "పాపం, దీనికీ ఊపిరాడల్యా" అన్నాడు.

ఆ రోజే పంచాయితీలో నిలబడి, "రిపోర్టు తప్పు, తప్పు నాది. ఎర్రిస్వామి ఏమీ కలపలేదు" అన్నాను.

"ఇప్పుడు చెప్పేది నిజమని యాడుండాది నమ్మకం?" అన్నాడొక పెద్దాయన.

"రేపు తెల్లారి రాండప్పా. మీటరు మీ చేతికే ఇస్తా."

వచ్చారు, చూశారు. ఎర్రిస్వామికి వల వేసే హక్కు తిరిగి దక్కింది. కానీ మురుగు అలాగే వస్తుంటే అతడు వల వేసి పట్టేదేముంది? యూరియా చల్లాక వారం పాటు మడి నీళ్లు బయటికి వదలొద్దని మా అన్నను అడిగాను.

"నువ్వు నాయనకు పుట్టినావా, ఏటికి పుట్టినావా?" అని కసిరాడు.

ఆ సాయంత్రమే పార తీసుకొని మళ్లలో దిగాను. నా వాటాలో నీళ్లు బయటికి పోయే మడవలకు ఒక్కొక్కదానికీ మట్టి కడుతుంటే, ఎర్రిస్వామి వచ్చి గట్టు మీద పడున్న ఇంకో పార అందుకున్నాడు.