రెండోసారి అడిగే పొరుగావిడ

మా పక్క ఫ్లాట్ జపనీస్ ఆంటీ పోయారు. ఆసుపత్రి నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఏడాదిగా క్యాన్సరట. మాలో ఎవరికీ తెలియదు. మొన్న ఆదివారం కూడా లిప్‌స్టిక్ వేసుకుని, వెల్లింగ్టన్ గాలికి తిరగబడిన గొడుగుతో కుస్తీపడుతూ, నన్ను చూసి నవ్వారు. అంత చక్కగా నవ్విన మనిషి అప్పటికే చావుబతుకుల్లో ఉన్నారని తలచుకుంటే, దుఃఖం కంటే ముందు భయం వేసింది.

భయం మా అమ్మాయి గురించి. దానికి పద్నాలుగేళ్లు. స్కూల్లో జపనీస్ తీసుకుని, వారం వారం ఆంటీ దగ్గర చదువుకునేది. కబురు చెబితే "ఇట్స్ ఓకే అమ్మా" అని అచ్చం ఆవిడ నవ్వే నవ్వింది.

ఆంటీకి మాటకో సామెత. మా ఆయన పాత కోటు చూసి నేను సిగ్గుపడితే, "చిరుగుల బట్టల్లోనూ పట్టులాంటి మనసు ఉంటుందని మావాళ్లంటారు" అన్నారు. బదులుగా మన "పైన పటారం, లోన లొటారం" చెప్పాను. పలకలేక పడీపడీ నవ్వారు. ముఖంతో నవ్వి మనసులో ఏడవడం అనే సామెతా ఆవిడ చెప్పిందే. "దాన్ని మావాళ్లు మెచ్చుకోలుగా అంటారు. నాకు మాత్రం భయం" అన్నారు.

మొహమాటం సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందులో జపాన్ వాళ్లూ మనలాంటివాళ్లే. ఇక్కడి న్యూజిలాండ్ వాళ్లు, కివీలు, ఒకసారి అడిగి, వద్దంటే నిజమనుకుంటారు. పులిహోర పట్టుకెళితే ఆంటీ వద్దనేవారు. నేను మళ్లీ అడగాలి, అప్పుడు గిన్నె అందుకునేవారు. ఓసారి మా పిల్ల "ఐయామ్ ఫైన్" అంటే, టీ పోసి మళ్లీ అడిగారట. అది భోరుమంది. స్కూల్లో నెలలుగా దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. "మొదటి జవాబు మర్యాదకి చెప్పేది. అక్కడే ఆగిపోకండి" అన్నారు నాతో. ఆ మాటకి ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. తనని మాత్రం ఎవరూ రెండోసారి అడగకుండా, నవ్వి తలుపేసుకునేవారు.

అంత్యక్రియల నుంచి వచ్చాక పిల్ల పక్కన కూర్చుని, ఎలా ఉన్నావని అడిగాను.

"ఫైన్ అమ్మా."

ఏం వినాల్సి వస్తుందోనని భయపడుతూనే మళ్లీ అడిగాను.

"ఐ న్యూ, అమ్మా. నాకు ముందే తెలుసు. చలికాలం నుంచి ఆంటీ విగ్‌కి పిన్నులు నేనే పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పనని ప్రామిస్ చేశా."

చలికాలం నుంచి అది రోజూ నా ఎదురుగానే కూర్చుని అన్నం తింటోంది. దగ్గరికి లాక్కున్నాను. ఒళ్లంతా వణుకుతోంది. ముఖం మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది.