నీళ్లకు దారి తెలిసిన ఇల్లు

పొద్దున కొత్త గదిలో మొదటిసారి బకెట్ నీళ్లు వంచాను. నీళ్లు కాసేపు టైల్స్ మీద తటపటాయించి, గడప పక్క సందులోంచి పాత నడింట్లోకి దిగి, షాబాద్ బండల మీదుగా వెనక గది మూలకు చేరి, మోరిలోంచి జామచెట్టు మొదట్లోకి పోయాయి. చీపురు చేతిలోనే ఉంది, దానికి పని పడలేదు. కోడలు వచ్చి, "అత్తమ్మా, ఒక్కరే ఎందుకు నవ్వుతున్నరు?" అంది. ఏం చెప్పను? చెప్పాలంటే మా మామ దగ్గర మొదలుపెట్టాలి.

మామ పట్నంలో కొత్త కాలనీలు లేచే రోజుల్లో అక్కడ సిమెంటు మోసిన కూలీ. మోస్తూ మోస్తూ ఇళ్లన్నీ కళ్లతో కొలుచుకుని, పాలకుర్తికి తిరిగొచ్చి రెండు గదులు, వంటిల్లు, ఒక వరండా కట్టాడు. చుట్టూ అన్నీ పెంకుటిళ్లే. మామది మాత్రం చదునైన స్లాబు, రెక్కలా ముందుకు చాచిన చజ్జా, వరండాకు పువ్వుల సిమెంటు జాలీ, గోడ మూలన మలుపు తిరిగిన కిటికీ. చూడవచ్చిన వాళ్లు, "ఏందిర గిది, ఇల్లా బస్టాండా?" అన్నారట. "మీ ఇండ్ల ముందట ఎట్లాగూ బస్సు ఆగదు గదరా, నా ఇంటి ముందటన్న ఆగనీ" అన్నాడట మామ.

ఆ ఇంట్లో ఒక వింత ఉండేది. ఏది జారిపడ్డా దొర్లుకుంటూ వెనక గది మూలకే పోయేది. పిల్లల గోలీలు, ఉల్లిగడ్డలు, మా ఆయన బీపీ మాత్రలు, ఏది కనబడకపోయినా ముందు ఆ మూలే వెతికేవాళ్లం. మంచం ఎటు వేసినా ఒక కోడు కింద రాయి ముక్క పెట్టాల్సిందే. మా అత్త నాకు ఇల్లు కడగడం నేర్పుతూ, "చీపురుతోని కొట్లాడకు బిడ్డా, ఊకె వంచు. నీళ్లకు దారి ఎరుకే" అనేది. ఆ బండలు మామ తన చేత్తో పరిచాడు. ఒక్కో వరుస కాగానే చెంబెడు నీళ్లు పోసి, నీళ్లు నిలిచిన చోట బండ లేపి మళ్లీ పరిచేవాడట. చెంబులు అందించలేక అత్త అలిగి రెండు రోజులు పుట్టింటికి పోయిందట కూడా.

పోయినేడు ఇల్లు చాలడం లేదని మా కొడుకు ఇంకో రెండు గదులు కలపాలన్నాడు. సంతోషించాను. జనగామ నుంచి వచ్చిన మేస్త్రీ నీళ్లు నింపిన లెవల్ పైపు పట్టి నడిల్లంతా కొలిచి పెదవి విరిచాడు. "అన్నా, ఇల్లు ఓ దిక్కు కుంగింది. దీనికి కొత్తది కలిపితే పగుల్తది. మొత్తం తీసేద్దాం." కొడుకు నా వైపు చూడలేదు, జాలీ వైపు చూశాడు. వాడు సగం ఒప్పుకున్నాడని అప్పుడే నాకు తెలిసిపోయింది.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. లెవల్ పైపు ముందు నా మాట ఎవరు వింటారు? వంటింట్లోకి పోయి బకెట్ నింపుకొచ్చి, వాకిట్లో నిలబడి నడింట్లోకి వంచేశాను. మేస్త్రీ ఎగిరి గోడకు అతుక్కున్నాడు.

"ఏందవ్వా గిట్ల జేస్తివి!" అని కొడుకు అరిచాడు.

"అరుస్తవేందిర, చూడు. ఇల్లు కుంగితే నీళ్లు యాడన్న మడుగు కట్టాలె గద? ఏడ ఆగినయో చూపియ్యి."

ఎక్కడా ఆగలేదు. రెండో బకెట్ వంటింటి నుంచి, మూడోది ఎదుటి మూల నుంచి పోశాను. అన్నీ ఆ ఒక్క మోరికే. మేస్త్రీ బయటికి పోయి పునాది పక్కన తవ్వి చూశాడు, గోడలన్నీ చేత్తో తడిమాడు. వెంట్రుకంత పగులు లేదు. లోపలికొచ్చి, "కుంగలే అన్నా. పెద్దాయన కావాలనే వాలు పెట్టిండు. గింత సాఫు వాలు నేను గూడ పెట్టలే" అన్నాడు. నా వైపు తిరిగి, "పెద్దమ్మా, నాకు పైపుల నీళ్లే ఎరుక. నీకు చీపురు కింది నీళ్లు ఎరుక" అన్నాడు.

"నలభై ఏండ్లు కడిగిన బిడ్డా, ఎరుక గాదా?" అన్నాను. ఆ రోజు అతనికి రెండుసార్లు చాయ్ పోశాను.

జాలీ నిలిచింది, మలుపు కిటికీ నిలిచింది. కొత్త గదుల మీదికి అదే చజ్జాను పొడిగించారు. టైల్స్ పరిచేటప్పుడు ప్రతి వరుసకూ మేస్త్రీ నన్ను పిలిచి, చెంబు నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు దారిన పోయేవాళ్లు ఆగి ఇంటిని ఫోటో తీసుకుంటున్నారు. వాళ్లలో బస్టాండు అన్నవాళ్ల మనవలూ ఉన్నారు.

కోడలికి ఇదంతా చెప్పేసరికి నేల ఆరిపోయింది. నా అరవై ఏళ్ల వయసు ఎటు పోయిందో నాకు తెలియదు గానీ, ఈ ఇంట్లో నీళ్లు ఎటు పోతాయో మాత్రం తెలుసు.