సొల్దా తాత పైపుకు నేను పెట్టిన మెరుపు

ఆ రోజుల్లో మెరిసేదల్లా మంచిదేనని నాకు గట్టి నమ్మకం. పుదుచ్చేరిలో, ఉప్పళం వీధిలో మా మామ పాత కుర్చీలూ బీరువాలూ బాగుచేసి లక్క పాలిష్ పట్టే కొట్టు నడిపేవాడు. చదువు అబ్బక నేను అక్కడ చేరి అప్పటికి ఎనిమిది నెలలు. నేర్చుకున్నది గోరంత, చెప్పుకునేది కొండంత. గిరాకీ ఎవరొచ్చినా మామ నోరు తెరిచేలోపే నేను అందుకుని, లక్క పాలిష్ మీద వేడి టీ గ్లాసు పెడితే తెల్లగా మచ్చ పడిపోతుందని పాఠం చెప్పేవాణ్ణి. (ఈ పాఠం మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.)

మా కొట్టుకు రెండిళ్ల అవతల సొల్దా తాత ఉండేవాడు. ఫ్రెంచి పటాలంలో పనిచేసి వచ్చినవాళ్లను మా ఊళ్లో సొల్దా అంటారు. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని పైపు వెలిగించేవాడు. అది నోట్లో ఉంటేనే ఆయనకు మాట పెగిలేది. తెలుగూ అరవమూ ఫ్రెంచీ కలగలిపి ఆయన చెప్పే కబుర్లు పని ఎగ్గొట్టి మరీ వినేవాణ్ణి. అలాంటి పైపును ఒకనాడు ఆయన కోడలు కంపు కొడుతోందని అంట్ల గిన్నెలతో కలిపి పీచూ సబ్బూ పెట్టి తోమేసింది. అద్దంలాంటి నునుపంతా గీతలు పడి, అక్కడక్కడా పొర లేచిపోయింది. తాత దాన్ని తువ్వాలులో చుట్టుకుని కొట్టుకొచ్చాడు. మామ ఎవరివో తలుపులు చూడ్డానికి మురుంగపాక్కం వెళ్లాడు.

"ఏమప్పా, దీనికి మళ్లా ఆ మెరుపు వస్తుందా? రేపు సాయంత్రం బీచ్ రోడ్డులో మా పటాలమోళ్లు చేరతారు. ఏటా ఒకడు తగ్గిపోతా ఉండాడు. ఈసారి మిగిలింది నలుగురమే. ఇది లేకుండా యాడికని పోయేది?"

"నాకు ఇడిసిపెట్టు తాతా. కొత్తదానికంటే బాగా చేసిస్తా."

"మీ మామ వచ్చినాక అడిగి చేస్తే మేలేమో?"

"దీనికి మామ ఎందుకు తాతా!"

మామ పద్ధతిలో పల్చగా ఒక పూత వేసి, అది బాగా ఆరాక ఇంకొకటి వేస్తారు. అలా వారం పడుతుంది. నేను గరుకు కాగితంతో పైపును గీకి, ఒక్క మధ్యాహ్నంలో ఏడు పూతలు పూసేశాను. అది పాకంలోంచి తీసిన జిలేబీలా మెరిసింది. మర్నాడు తాత వచ్చి రెండు చేతులా తీసుకున్నాడు.

"ఆరిందా అప్పా?"

వేలు పెడితే ఇంకా కాస్త పట్టుకుంటోంది. నాకు తెలుసు.

"ఎప్పుడో ఆరింది తాతా!"

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు. నా పనితనం నలుగురూ మెచ్చుకుంటుంటే చూడాలని నేనూ వెనకే వెళ్లాను. నలుగురు ముసలివాళ్లు, కోట్లు, కోట్ల మీద పతకాలు. తాత పైపు వెలిగించి దర్జాగా నాలుగు దమ్ములు లాగాడు. అంతే, లక్క కరిగి బుడగలు లేచి, పైపు అరచేతికి అతుక్కుపోయింది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫ్రెంచి అధికారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తాత పైపును వదిలించుకోలేక, దాంతోనే సెల్యూట్ కొట్టాడు. చెవి పక్కన పొగ సుళ్లు తిరుగుతోంది. మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన ముఖం చూశాను.

మర్నాడు ఆయనే నన్ను పిలిచి, చెయ్యి చూపించాడు. "నా చేతిలోనే వేడి జాస్తి అయిపోయినట్టుందప్పా. వయసు గదా" అన్నాడు. తప్పు నాది తాతా, అది ఆరలేదు, అయినా నిప్పు పెట్టే వస్తువుకు లక్క పూయకూడదు అనాల్సింది. "అవును తాతా, చేతి చెమట" అన్నాను.

ఆయన పైపును పెట్టెలో పెట్టేశాడు. మళ్లీ ముట్టలేదు. కోడలు సంతోషం పట్టలేక మా కొట్టుకు పాయసం తెచ్చింది, "నీ పుణ్యాన మా మామ పొగ మానేసినాడు" అంటూ. నేను తిన్నాను. (రెండో గిన్నె కూడా.) ఆరోగ్యానికి మంచిదే, కాదనను. కానీ అరుగు మీద తాత ఖాళీ చేతులతో కూర్చునేవాడు, కబుర్లు ఆగిపోయాయి. నేను ఎదురుగా కూర్చున్నా "ఏమప్పా, సరి" అని ఊరుకునేవాడు. సంగతి తెలిసి మామ నన్ను తిట్టలేదు. "అట్లాంటిదానికి మైనం పెట్టి రుద్దాలిరా. పోయి నీ తప్పేనని చెప్పిరా" అన్నాడు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు రెండేళ్లయినా రాలేదు. ఈలోగా తాతే పోయాడు. ఆ సిగ్గు నాకు ఇవాళ్టికీ తగ్గలేదు.

తర్వాత కోడలు ఆ పైపును నాకే ఇచ్చింది. లక్కంతా స్పిరిట్‌తో తీసేసి, మైనం పెట్టి, ఎన్నో రోజులు మెత్తటి గుడ్డతో రుద్దాను. ఇప్పుడు కొట్టు నాది. పైపు అద్దాల అరలో ఉంది. చూడ్డానికొచ్చిన టూరిస్టులు తరచూ అడుగుతారు, ఇది అమ్ముతారా అని. పక్కన పనిచేసే కుర్రాళ్లు నవ్వుతున్నా, నేను మాత్రం ఒకటే జవాబు చెబుతాను.

"ఇంకా ఆరలేదండీ."