ఖంగుమనే దాకా

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలేదు. ఇది చదివాక కూడా నన్ను నమ్మేవాళ్లలో కలపొద్దు.

నంద్యాలలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. నిరుడు మీటలు నొక్కితే శబ్దాలు పుట్టించే పాత సింథసైజర్ ఒకటి కొన్నాను. పాటలు వాయించడానికి కాదు, శబ్దాలు తయారుచేయడం నేర్చుకుందామని. నలభై దాటాక ఈ పిచ్చేమిటని ఇంటా బయటా ఎగతాళి చేశారు. చేసుకోనీ అనుకున్నాను.

మొదటి పాఠం తేలికే. యంత్రం ముడి శబ్దం ఇస్తుంది. ఫిల్టర్‌తో అందులోని గరుకు తీసేయాలి. అది ఎంత వేగంగా లేవాలో, ఎంత నెమ్మదిగా అణగాలో నాబులు తిప్పి చెప్పాలి. సాధన కోసం నేను నాయన సుత్తి దెబ్బను ఎంచుకున్నాను.

నాయన ఆళ్లగడ్డలో శిల్పి. పోయి ఏడాదవుతోంది. ఏ రాయి తెచ్చినా ముందు సుత్తితో కొట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి రాయి. డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు.

నాకు కావలసింది ఖంగుమనే శబ్దం. ఎలా తిప్పినా డొల్లగానే వచ్చింది. అన్నీ చెరిపేసి మొదటి నుంచి చేసినా అదే. ఒళ్లు మండి యంత్రాన్ని బస్సులో ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. నాయన పని ఇప్పుడు అన్న చేస్తున్నాడు. తప్పెక్కడో అతని చెవికి తెలుస్తుందని ఆశ.

మీట నొక్కి వినిపించాను. అన్న విని, ఎదురుగా నిలబెట్టిన నల్లరాయి వైపు చూశాడు. నాయన ఎంచి తెచ్చిన చివరి రాయి అది. మరునాడే చెక్కడం మొదలుపెట్టాలి. లేచి సుత్తితో కొట్టాడు. చక్కగా ఖంగుమంది.

"రాయి బాగానే ఉండాది. నీ డబ్బాకే ఏందో అయింది" అన్నాడు. మొహం మాత్రం తేటగా లేదు.

నేను మళ్లీ మీట నొక్కాను, డొల్లగానే మోగింది. అమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఆపు మే దాన్ని. మీ నాయన ఏందో చెప్తాండాడు."

నాకు కోపం వచ్చింది. "నాయన చెప్పేదేం లేదుమా. నాకింకా చేతగాల్యా, అంతే" అన్నాను.

మరునాడు అన్న ఎప్పుడూ కూర్చునే వైపు వదిలి అవతలి పక్క నుంచి ఉలి పెట్టాడు. అడిగితే, "ఆ డొల్ల శబ్దం చెవిలోనే తిరుగుతాంది" అన్నాడు. కాసేపటికి రాయి నిలువునా చీలింది. సగం ముక్క అతను మామూలుగా కూర్చునే చోట పడింది.

లోపలికి పోయి సింథసైజర్ మీట నొక్కాను. ఒక్క నాబు కూడా ముట్టుకోలేదు. ఖంగుమంది.

దాన్ని ఎవరికైనా ఇచ్చేయమని వీధంతా చెప్పింది. ఇవ్వను. నంద్యాలలో విప్పించి చూపించాను, ఏ లోపమూ లేదన్నారు.

ఇప్పుడు అన్న కొత్త రాయి దింపినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. నేను అదే మీట నొక్కుతాను. దయ్యాలను నేను నమ్మను. కానీ అది ఖంగుమనే దాకా అన్నను ఉలి పట్టనివ్వను.