మామ, అమ్మ, డిక్కీలో చిన్న బ్యాటరీ

మా మేనమామ పోయిన బుధవారం నిద్రలోనే కన్నుమూశారు. అమీర్‌పేట మెట్రోలో రైలు మారుతుండగా కబురు తెలిసింది. ప్లాట్‌ఫారం మీద ఏడుస్తూ నిలబడితే, ఆయన కారు బాగుచేసుకున్న రోజే కళ్ల ముందుకొచ్చింది.

ఆయనది అమీర్‌పేటలో కర్టెన్ల దుకాణం. తన అక్కను, అంటే మా అమ్మను, డయాలిసిస్‌కి పంజాగుట్ట తీసుకెళ్లే పని ఎవరికీ వదల్లేదు. అందుకోసమే పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే పాత హైబ్రిడ్ కారు కొన్నారు. "సప్పుడు చెయ్యదు. అక్క పండుకోవచ్చు" అనేవారు.

ఒక పొద్దున ఆ కారు కదల్లేదు. నడిపే పెద్ద బ్యాటరీ బాగానే ఉంది. కారును నిద్రలేపే చిన్న బ్యాటరీ ఛార్జి దిగిపోయింది. ఎక్కువ రోజులు సెల్లార్‌లోనే ఉండే బండి. ఆసుపత్రి దాకా తిరిగితే ఎక్కే ఛార్జి చాలడం లేదు. అమ్మ ఆటోలో కుదుపులకు వాంతులు చేసుకుంది. మామ ఆ రోజు అన్నం ముట్టలేదు.

"నువ్వు ఎలక్ట్రానిక్స్ చదివినవ్ గద బిడ్డా, జర దిమాగ్ పెట్టు" అన్నారు ఆదివారం.

డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వెనక బంపర్ దాకా వైరు లాగి, అక్కడ ఒక సాకెట్ పెడదామన్నాను. బండి నిలిపినప్పుడల్లా సెల్లార్ ప్లగ్గులోని చార్జర్‌ను దానికి తగిలిస్తే చాలు.

"ఆరెంజ్ వైర్లు ముట్టొద్దు మామా. అవి పెద్ద బ్యాటరీవి, ప్రాణం తీస్తయ్."

"ముట్ట. గా చిన్నదాని పంచాయితే మనది."

కరెంటు లేక డిక్కీ తెరుచుకోలేదు. వెనక సీటు మడిచి ఆయనే లోపలికి పాకారు. బయటికి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. "కదలని బండైనా, మాట్లాడని మనిషైనా ఒక్కటే. లోపల దిగిపోతనే ఉంటది" అని లోపలినుంచే చెబుతున్నారు. నాకు నవ్వాగలేదు. సాయంత్రానికి చార్జర్ మీద పచ్చదీపం వెలిగింది. వైరు తీయడం మరిచి బండి నడపకుండా, స్టీరింగ్‌కి గుర్తుగా ఎర్ర కర్టెన్ పీలిక కట్టారు.

మళ్లీ డయాలిసిస్ రోజు. మామ బటన్ నొక్కారు. స్టీరింగ్ ముందున్న దీపాలన్నీ వెలిగాయి.

"లేచింది" అన్నారు. "అక్కా, ఇంక టైముంది. జర తిరిగొద్దామా?"

"యాడికి తమ్మీ?"

"యాడికైనా."

పంజాగుట్ట దాటి బంజారా హిల్స్ ఎక్కాం. చాలాకాలంగా ఆసుపత్రి దారి తప్ప చూడని అమ్మ, అద్దం దించమంది. గాలికి ఆమె కొంగు బయటికెగిరి రెపరెపలాడుతోంది. మామ పచ్చ సిగ్నల్ పడినా బండి కదిలించకుండా, వెనక చూసే అద్దంలో అక్క ముఖాన్నే చూస్తున్నారు.